సభ తేల్చేదాకా

వారం తిరక్కుండానే అడవిలో భూమి మూడుసార్లు గట్టిగా కంపించింది. చుంచెలుక బొరియ కప్పు నెర్రెలిచ్చింది. లోపల కళ్ళు తెరవని పిల్లలు ఐదున్నాయి. కానీ ఇలాంటివి ఎందుకొచ్చాయో జంతువుల సభ తేల్చేదాకా ఎవరూ ఇల్లు మారకూడదన్నది అక్కడి కట్టుబాటు.

"మొదటి అదురు రెండోదాన్ని లేపింది, రెండోది మూడోదాన్ని లేపింది," అంది సభలో వడ్రంగిపిట్ట.

"నీ మొహం. మూడు కాకులు ఒకే కొమ్మ మీద వాలితే చుట్టాలైపోతాయా?" అంది తాబేలు.

పొద్దుటినుంచీ ఇదే గోల. చుంచెలుకకి విసుగెత్తింది.

"తాబేలు మామా, అవి చుట్టాలే అయితే నాలుగోది వస్తుందా?"

"రావచ్చు."

"కాకపోతే?"

"అప్పుడూ రావచ్చు."

"ఈ ముక్క పొద్దున్నే చెప్పి ఏడవచ్చుగా," అంటూ చుంచెలుక లేచిపోయింది.

"సభ ఇంకా ముగియలేదు," అని వడ్రంగిపిట్ట వెనక నుంచి కేకేసినా చెవిన పెట్టలేదు. ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుని రాతిబండ మీదికి చేర్చింది. ఐదోదాన్ని దింపిందో లేదో, సభలో తన అభిప్రాయం కూడా చెబుదామని బయల్దేరిన ఏనుగు ఆ బొరియ మీద కాలేసింది. నేల అదిరి, కప్పు కూలిపోయింది.

"ఇది నాలుగోదేగా?" అంది వడ్రంగిపిట్ట.

"దీనికీ మూడోదానికీ సంబంధమేమిటి?" అంది తాబేలు.

చుంచెలుక వాటికి వీపు తిప్పి, పిల్లల ఒంటి మీది దుమ్ము నాకుతూ కూర్చుంది.