ఎనిమిదో టేకు

"కట్! కట్!" హేమసుందర్ మైకును ఇసుకలోకి విసిరికొట్టాడు. "మొగుడు పోయాడని కబురు చెబితే, అవనిగడ్డ బస్సు కోసం చూస్తున్నట్టు చూస్తందేంటయ్యా ఆవిడ!"

కెమెరామాన్ నవ్వాడు. ఫిన్నీ నవ్వలేదు. ఏడు టేకులయ్యాయి. బందరు అవతలి ఈ తీరపు పల్లెలో వలలు బాగుచేస్తున్న ఆ మనిషిని నిన్న చూసి, ముఖం బాగుందని ఏరి తెచ్చింది అసిస్టెంటైన తనే. తూర్పున మబ్బు లేస్తోంది. ఇంకో అరగంటలో ఈ వెలుతురు ఉండదు.

"నువ్వు తెచ్చిన మనిషే కదా. ఎందుకేడవదో వెళ్ళి కనుక్కో," అన్నాడు హేమసుందర్ ఫిన్నీతో.

నాంచారమ్మ తడి ఇసుకలో పడవను ఆనుకుని నిలబడి ఉంది. నుదుట రూపాయంత బొట్టు. రెండు చేతులకూ మట్టిగాజులు.

"ఏంటమ్మా, ఒక్క చుక్కన్నా రాదా?"

"ఎట్టా వస్తది బాబూ? మా ఆయన ఏటకెళ్ళాడు. మగోడు నీళ్ళ మీదుండగా ఆడది ఒడ్డున కన్నీళ్ళు పెట్టకూడదు. సముద్రం వింటది."

ఫిన్నీ ఆ మాటే తెచ్చి చెప్పాడు. తిడతాడనుకున్నాడు. హేమసుందర్ కళ్ళు మెరిశాయి.

"వేటలో ఉన్నాడా? మరి ముందే చెప్పవేం!" భుజం మీద చెయ్యేసి వ్యాను చాటుకు తీసుకుపోయాడు. "ఇంతమంది డైరెక్టర్లుండగా నా దగ్గరకే ఎందుకొచ్చావురా?"

"మీ మొదటి సినిమాలో బియ్యం ఏరుతూ ఏడ్చే ముసలమ్మ కోసం సార్. బెజవాడలో పదకొండుసార్లు చూశా. మిగతా సినిమాలు హాలు మెట్లు దిగేలోపే మర్చిపోతాం. ఆవిడ మాత్రం ఇంటిదాకా వచ్చింది. ఇప్పటికీ మా అమ్మ చేట పట్టుకుంటే నాకు ఆవిడే గుర్తొస్తది. వేరేవాళ్ళ సినిమాల్లో నటిస్తారు సార్. మీ సినిమాల్లో మనుషులుంటారు."

"ఆవిడకేం చెప్పానో తెలుసా? మనవణ్ణి లారీ గుద్దిందని."

ఫిన్నీ తన భుజం మీది చేతిని తీసేశాడు.

"సాయంత్రం మనవణ్ణి చూసుకుని తనే నవ్వుకుంది. ఏడుపు మాత్రం ఇరవై ఏళ్ళ నుంచి నీబోటివాళ్ళ దగ్గర ఉండిపోయింది. ఇప్పుడెళ్ళి ఈవిడకు చెప్పు, మొగుడి పడవ తిరగబడిందని. కెమెరా ఆపేశామని గట్టిగా అరుస్తా. ఆపను."

"నావల్ల కాదు సార్."

"అయితే మధ్యాహ్నం బస్సుకి బెజవాడ వెళ్ళిపో. సినిమాలు చూసుకుంటూ బతుకు. తియ్యడం నీ పని కాదు."

వ్యాను నీడలో ఫిన్నీ ఒక్క నిమిషం నిలబడ్డాడు. అవతల హేమసుందర్ అరుస్తున్నాడు. "బ్రేక్! కెమెరా ఆఫ్! అందరూ టీ తాగండి!" ఎవరూ టీ తాగడానికి కదల్లేదు. మబ్బు సూర్యుడికి జానెడు దూరంలో ఉంది.

ఫిన్నీ నడిచాడు. కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది.

"అమ్మా." ఆమె ఎదుట ఆగాడు. "ఇప్పుడే కబురొచ్చింది. మీ ఆయన పడవ తిరగబడిందంట. ఆయన... లేడంట."

ఆమె అరవలేదు. అతని ముఖంలోకి చూసింది.

"ఎవరు చెప్పారు?"

"నాగాయలంక వైపు జాలర్లు."

"ఒంటిమీద ఏ చొక్కా ఉందంట?"

ఈ ప్రశ్న వస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు. వెనక్కి తిరిగి చూసే వీల్లేదు. నోటికొచ్చిన రంగు చెప్పాడు.

"నీలం."

నాంచారమ్మ నోరు తెరుచుకుంది. ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది. అలాంటి గొంతు ఫిన్నీ ఏ సినిమా హాల్లోనూ వినలేదు. మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ పడవ చెక్కకేసి కొట్టుకుంది. గాజులు చిట్లి ఇసుకలో పడ్డాయి. అరచేత్తో నుదురు ఈ చివరి నుంచి ఆ చివరికి తుడిచేసుకుంది. లైట్లు పట్టుకున్నవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. దూరంగా కట్టిన తాడు అవతల పల్లె ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

"అమ్మో, నాంచారు ఎంత బాగా చేస్తందే!" అంది వాళ్ళలో ఒకామె.

"కట్! ఓకే!" హేమసుందర్ కళ్ళు తుడుచుకున్నాడు. "చూశావురా ఫిన్నీ? ఇది ఇంకో ఇరవై ఏళ్ళుంటది!"

ఫిన్నీ వినలేదు. అప్పటికే ఆమె ముందు ఇసుకలో మోకాళ్ళ మీద ఉన్నాడు. నెత్తురు కారుతున్న ఆ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అబద్ధమమ్మా! నేను చెప్పిందంతా అబద్ధం. సినిమా కోసం చెప్పాను. నన్ను కొట్టమ్మా, తిట్టమ్మా. ఏడవమాక. మీ ఆయనకేం కాలేదు."

ఏడుపు టక్కున ఆగింది. ఆమె అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పడవ తిరగబడలా?"

"లేదు."

"బతికే ఉన్నాడా?"

"దేవుడి తోడు. నిక్షేపంగా ఉన్నాడు. సాయంత్రానికి ఇంటికొస్తాడు చూడు."

నాంచారమ్మ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. గబగబా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. జుట్టు ముడేసుకుంది. అతని దగ్గరగా జరిగి, ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా అడిగింది.

"మరి ఈ నాలుగేళ్ళూ ఎక్కడున్నాడంట బాబూ?"