దూది ఒంటి మీద తామర

అత్తగారి ముక్కు మీద కేసు వేసే వీలుంటే హారతి ఈపాటికి వేసేసి ఉండేది. పక్క ఫ్లాటులో పాలు మాడినా ఇక్కడ పసిగట్టే ముక్కు అది. ఇప్పుడది భవ్య గది గుమ్మం బయట నిలబడి గట్టిగా ఎగపీలుస్తోంది.

“ఏమిటే ఆ మందు కంపు?”

“దూదికి జుట్టు ఊడుతోంది నానమ్మా. దానికే రాస్తున్నా” అంది భవ్య, ట్యూబు వెనక్కి దాచేస్తూ.

“ఎలుకకి జుట్టు ఊడితే మందేమిటే, చోద్యం కాకపోతే!”

“ఎలుక కాదు నానమ్మా, చించిల్లా.”

“పేరు పెద్దదైతే ఎలుక కాకుండా పోతుందా?”

రాజ్యలక్ష్మి చీరచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

కుందేలు చెవులూ ఉడత తోకా ఉన్న ఆ బూడిదరంగు ప్రాణి చిక్కడపల్లిలోని ఆ ఇంటికి వచ్చి ఏడాదవుతోంది. ఇంతవరకూ ఆవిడ ఆ గది గుమ్మం తొక్కలేదు. ఇక తామర అన్న మాట చెవిన పడిందంటే పంజరం మూడో అంతస్తు నుంచి నేరుగా వీధిలోకి దిగుతుందని తల్లీకూతుళ్ల భయం. అందుకే జుట్టు ఊడుతోందని మాత్రం చెప్పి ఊరుకున్నారు.

నారాయణగూడలో పశువుల డాక్టరు నగేష్ మొదటిరోజే చెప్పాడు.

“తామర అమ్మా. బొచ్చు మస్తు ఒత్తుగుంటది కదా, జర తడి తగిలినా లోపల ఆరదు. ఫంగస్ పడతది. ఏసీల ఉంచుండ్రి, పొడిగ ఉంచుండ్రి. దినాం రెండుసార్లు మందు రాస్తే మూడు వారాలల్ల తగ్గిపోతది.”

మూడు వారాలయ్యాయి. తగ్గలేదు. సరిగ్గా చెప్పాలంటే, తగ్గుతోంది, మళ్లీ వస్తోంది. శుక్రవారానికి దూది ముక్కు పక్కన సన్నటి కొత్త వెంట్రుకలు కనిపించేవి. భవ్యకు శనివారం మాత్రం పొద్దున్నే కాలేజీ ఉంటుంది కనుక ఆ రోజు హారతే మందు రాసి, వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి మొక్కుకుని, అశోక్‌నగర్‌లో కూరలు కొనుక్కుని ఇంటికొచ్చేది. వచ్చి చూస్తే దూది మూలన ముడుచుకుని వణుకుతూ ఉండేది. సోమవారానికి మరోచోట రూపాయి బిళ్లంత బోడి మచ్చ.

“జుట్టు పుచ్చుకునే దేవుడి దగ్గరికి వెళ్లి జుట్టు ఇమ్మని అడుగుతున్నాను. ఆయన పొరబడి ఉంటాడు” అంది హారతి. భవ్యకు నవ్వు రాలేదు.

రెండోసారి నగేష్ దూదిని తడిమి చూసి మొహం చిట్లించాడు.

“మందు ఎక్కువ పూస్తున్నరా ఏంది? బొచ్చంత జిడ్డుగున్నది.”

మందు సగానికి తగ్గించారు. మచ్చలు రెట్టింపయ్యాయి. ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయేమోనని మెకానిక్‌ని పిలిచారు. కారడం లేదు. గడ్డి ఎండబెట్టి వేశారు. ఆ గదిలో తడిగుడ్డ పెట్టవద్దని పనిమనిషి ఆదిలక్ష్మికి చెప్పారు. ఆ ఒక్క పనీ ఏ ఇబ్బందీ లేకుండా అమలైంది.

దూది తిండి మానేసింది. ఎత్తుకుంటే ఎముకలు చేతికి తగులుతున్నాయి.

“నేనేం తప్పు చేస్తున్నానమ్మా?” అంది భవ్య.

హారతి మందు ట్యూబు మూత తీసి మళ్లీ పెట్టేసింది.

అయిదో వారం భవ్య మణికట్టు మీద ఎర్రటి వలయం తేలింది. రెండు రోజులకే రాజ్యలక్ష్మి చేతులు చాపి చూపించింది.

“అంట్ల సబ్బు మార్చావా హారతీ? ఒకటే దురద.”

రెండు చేతుల మీదా అవే వలయాలు.

ఆ సాయంత్రం పవన్‌కుమార్ భార్యనీ కూతుర్నీ బాల్కనీలోకి పిలిచి తలుపు దగ్గరకు వేశాడు.

“నీకు అంటుకుందంటే అర్థముంది భవ్యా. ఆ గది వంక కూడా చూడని మా అమ్మకి అంటుకుందంటే అది గాలిలో తిరుగుతోందన్నమాట. ఇక చాలు.”

“గాలికి రాదన్నారు నాన్నా డాక్టరు గారు.”

“ఆయనకేం, ఆయన ఇంట్లో లేదుగా! ఆదివారం పంపించేద్దాం.”

బర్కత్‌పురలో కుందేళ్లు పెంచే సరిత తీసుకుంటానంది. ఆదివారం పొద్దున్నే వచ్చింది. భవ్య పంజరాన్ని హాల్లోకి తెచ్చి పెట్టి, మొహం గోడ వైపు తిప్పుకుంది. కుర్చీలో కూర్చున్న రాజ్యలక్ష్మి ఈసారి ముక్కు మూసుకోలేదు. పీడ వదిలిందన్న సంతోషం కాబోలు అనుకుంది హారతి.

సరిత పంజరంలోకి తొంగి చూసింది.

“అయ్యో, గింత బక్కగైందేంది అక్కా? ఏమైంది దీనికి?”

ఇంకా దాచి లాభమేముంది?

“తామర” అంది హారతి. “బతుకుతుందో లేదో కూడా తెలీదు సరితా. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకో. చుక్క నీరు కూడా ఒంటికి తగలనివ్వకు. పొడిమట్టిలో పొర్లడమే దీనికి స్నానం. తడిసిందంటే ప్రాణం మీదికే వస్తుంది.”

“ఏం ఫికరు చెయ్యకు అక్కా, నేను చూసుకుంట” అంటూ సరిత పంజరం ఎత్తింది.

“ఆగు” అంది రాజ్యలక్ష్మి.

మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చి, వీధి తలుపుకు అడ్డంగా నిలబడింది.

“ఏంటమ్మా, వెళ్లిపోతోందిగా, మళ్లీ ఏమైంది?” అన్నాడు పవన్‌కుమార్.

ఆవిడ కొడుకు వైపు చూడలేదు. దూది వైపే చూస్తూ, మనవరాలి చెయ్యి పట్టుకుంది.

“తప్పు నాదేనే, జుట్టు ఊడుతోందన్నారని శనివారం శనివారం దానికి తలంటు పోశాను.”