ఏరేసిన కోళ్లు

పెద్దాయన పెట్టను చంకన పెట్టుకుని, దాని తోక కింద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఫారం యజమాని మునిరత్నానికి చిరాకేసింది.

"ఏం పెద్దాయనా, పుత్తూరు కట్టు కట్టేవాడివా? కోడికి ఎముకేమీ ఇరగలేదులే!"

పనివాళ్లు నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు.

"కొవ్వు సూస్తుండానప్పా. దీనికి లేదు. ఇది నాకియ్యి."

నాలుగేళ్లుగా ప్రతి మంగళవారం ఇదే తంతు. పుత్తూరు దగ్గరున్న ఆ నాటుకోళ్ల ఫారానికి పాత మోపెడ్ మీద వస్తాడు. ఎదగలేదని మునిరత్నం ఏరేసిన బక్క కోళ్లలోనే వెతికి వెతికి రెండో మూడో పట్టుకుపోతాడు.

పిల్లలు తీయడానికి మునిరత్నం బాగా బరువు తూగే కోళ్లనే ఉంచుకునేవాడు. పెద్ద కోడికి పెద్ద పిల్ల పుడుతుంది, ఇందులో ఆలోచించడానికి ఏముందని అతని ధీమా.

"బరువు సూసి పిల్లలకి పెట్టబాకప్పా," అన్నాడు పెద్దాయన. "ఆ బరువంతా కొవ్వే. పిల్లలకీ అదే వస్తాది. నా కాడ ఒగ పుంజుండాది. తెచ్చిస్తా, నీ పెట్టల్లోకి వదులు."

"నా కాడ బక్క కోళ్లు కొనుక్కోని పోయి, నాకే పుంజు ఇస్తావా? కొవ్వు పట్టింది కోళ్లకు కాదు, నీకు!"

పెద్దాయన చొక్కా ఎత్తి పక్కటెముకలు చూపించాడు.

"నాకు యాడుండాది సామీ కొవ్వు!"

పనివాళ్లు మళ్లీ నవ్వారు. ఈసారి ఆయన నవ్వలేదు. ఆ మంగళవారం తర్వాత రాలేదు కూడా. ఆయన పేరేమిటో మునిరత్నం ఏనాడూ అడగలేదు.

ఏడాది తిరిగేసరికి తిరుపతిలో మెస్ నడిపే శకుంతలమ్మ కోళ్లను వెనక్కి పంపేసింది. ఫారం నిలబడింది ఆమె బేరం మీదే.

"కూర దించితే పైన వేలెడు నూనె తేలుతుండాదన్నా. నేను పోసింది కాదు, నీ కోడిది. జనం ప్లేట్లో ముక్క పక్కకు తోసేస్తుండారు."

"మరి ఏం జెయ్యమంటావమ్మా?"

"కార్వేటినగరం పక్కన చిన్నబ్బ అని ఒగాయన ఉండాడంట. ఆయన కోళ్లకు కొవ్వుండదు, కండ మంచి రుచంట. ఆ జాతి తెచ్చి పెంచు."

మునిరత్నానికి విసుగొచ్చేసింది. ఇన్నేళ్లు పెంచిన మందను వదిలి మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేదు. ఫారం మూసేద్దామనే అనుకున్నాడు. ఆఖరిసారి చూద్దామని బస్సెక్కాడు.

చిన్నబ్బ ఇంటి ముందు పాత మోపెడ్ ఉంది. సీటు మీద దుమ్ము పేరుకుంది.

చూడగానే గుర్తుపట్టాడు. అక్కడి నుంచే వెనక్కి తిరిగిపోదామా అనిపించింది. ఆయన ఎదురొస్తే ముందు తప్పయిపోయిందని చెప్పాలి, కోళ్ల సంగతి తర్వాత అనుకున్నాడు.

చిన్నబ్బ కూతురు లోకేశ్వరి బయటికొచ్చింది.

"నాయన లేడన్నా. పోయి మూణ్ణెల్లయింది."

మునిరత్నం అరుగు మీద కూలబడ్డాడు.

"కోళ్లమ్మా?"

"ఉన్నవన్నీ ఇచ్చేసినాము. తడిమి సూసే చెయ్యి నాయనది. మాకు రాదు."

పెరట్లో గంప కింద ఒక పుంజు కూసింది. పక్కనే ఆరు పెట్టలు గింజలు ఏరుకుంటున్నాయి.

"అవి?"

"అవి ఎవరికీ ఇయ్యమన్నా. పుత్తూరు కాడ ఒగ ఫారంలో ఏరేసిన కోళ్లతోనే నాయన ఈ జాతిని నిలబెట్టినాడు. పోయేముందు రోజు చెప్పినాడు, 'అవి ఆయన కోళ్లే, ఆయనకే పోవల్ల. అడిగేదానికి సిగ్గుపడతాడు, మీరే తీసుకోనిపోయి ఇయ్యండి' అని."

ఆమె మోపెడ్ వైపు చూసింది.

"నాకు బండి తోలను రాదు. మునిరత్నం అంటన్నా ఆయన పేరు, మీకేమన్నా తెలుసా?"