కాదనే కుర్చీ

శాసనసభలో ఎమ్మెల్యేల కుర్చీల్లో తెరలు వెలసి చాలా ఏళ్ళయింది. నాయకుల గొంతులతో అవే మాట్లాడతాయి, అవే ఓట్లేస్తాయి. స్వయంగా వచ్చి పోట్లాడేది వరహాలమ్మ ఒక్కతే. సభ్యులు మాట్లాడుతుండగా ఓటింగ్ పెట్టకూడదన్న పాత నిబంధనను పట్టుకుని, ప్రతి సమావేశంలోనూ గొంతు పోయేదాకా మాట్లాడి, తన ఊరు గుమ్మలపాడును జలాశయంలో ముంచే బిల్లును ఆపుతూ వచ్చింది.

ఆ ఉదయం తెరలన్నీ ఆమెనే స్పీకర్‌గా ప్రతిపాదించాయి. కుర్చీ ఎక్కితే ఆ బిల్లును గడప తొక్కనివ్వనని మురిసిపోయి సరేనంది. ఎన్నిక ఏకగ్రీవం. కొత్త స్పీకర్‌ను ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నేత చెరో చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్ళడం ఆనవాయితీ. తెరలకు చేతుల్లేవు. మార్షల్ ఖాదర్ ఒక్కడే తోడొచ్చాడు.

ఆమె కూర్చోగానే గుమ్మలపాడు బిల్లు వచ్చింది.

"నేనొప్పుకోను!" అలవాటుగా లేచి అరిచింది.

"స్పీకరు చర్చలో మాట్లాడకూడదమ్మా," అన్నాడు ఖాదర్ మెల్లగా. "వచ్చిన బిల్లును ఆపకూడదు. ఓట్లు సమానమైతేనే మీకు ఓటు."

"మరైతే కాదనేవాళ్ళెవరు బాబూ?"

ఖాదర్ ఓటింగ్‌కు చదవాల్సిన కాగితం ఆమె ముందు పెట్టాడు.

"అవునన్నవారు?" అని అడిగింది. సభ దద్దరిల్లింది.

"కాదన్నవారు?"

ఎవరూ పలకలేదు. ఖాళీగా ఉన్న తన పాత కుర్చీ వైపు చూస్తూ, జవాబు వినపడనట్టు, మళ్ళీ అడిగింది.