ఏడో కవరు

చెయ్యి కడుక్కోమని తల్లి, కడుక్కోనని కూతురు. ఆరు రోజులుగా ఆ ఇంట్లో ఇదే గోల.

నాలుగో తరగతి పిల్ల. ఎడమ అరచేతిలో పెన్నుతో రాసిన ఏడు అంకె. స్నానంలో చెరిగితే తనే మళ్ళీ దిద్దుకుంటోంది.

"తాతగారే తుడవాలి. లెక్క సరిపోతేనే తుడుస్తారు" అంది.

"తాతగారట. గేటు దగ్గర కాపలావాడు కూడా తాతగారే దీనికి" అంది తల్లి కూర కలుపుతూ.

నాయనమ్మ మనవరాలి పక్షం. తండ్రి పేపరు పక్షం.

సోమవారం స్కూలు వాళ్ళు పిల్లల్ని నేషనల్ పార్కుకు తీసుకెళ్ళారు. గేటు దగ్గర మాసిన టోపీతో ఓ ముసలాయన. పిల్లల సంచులు విప్పించి, ఎవరి దగ్గర ఎన్ని ప్లాస్టిక్ కవర్లున్నాయో చూసి, ఆ అంకె వాళ్ళ అరచేతిలో రాశాడు. రోజంతా వెంట తిప్పుకుని జింకల అడుగులూ, పిట్టల గూళ్ళూ చూపించాడు. తిరిగొచ్చేటప్పుడు లెక్క సరిపోయిన వాళ్ళ అంకె తడిగుడ్డతో తుడిచాడు.

ఈ పిల్ల దగ్గర ఆరే తేలాయి.

గంటసేపు బస్సు ఆపి అందరిచేతా వెతికించాడు. దొరకలేదు.

పిల్ల ఏడ్చి ఏడ్చి ఇల్లు చేరింది. తల్లి ఊరుకునే రకం కాదు. పైగా తల్లిదండ్రుల సంఘం కార్యదర్శి. పిల్లకు మంచినీళ్ళయినా ఇవ్వకముందే ఫోన్లో పార్కు ఆఫీసుకు ఉత్తరం రాసి పంపింది. చదువూ సంధ్యా లేని కాపలావాడికి పసిపిల్లల్ని అప్పగించడమేమిటని నిలదీసింది. మరో పదకొండు మంది తల్లుల పేర్లు కింద చేర్చింది.

మర్నాడు ఉతకడానికి సంచి దులిపితే, చిరిగిన లోపలి గుడ్డలోంచి బిస్కెట్ కవరు జారిపడింది.

ఏడోది.

ఉత్తరం ఎలాగూ వెళ్ళిపోయింది కదా అనుకుంది. కవర్ని చెత్తబుట్టలో బీరకాయ తొక్కుల అడుగుకు దూర్చింది. ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.

"అమ్మా, ఆ కవరు ఈపాటికి ఏ జింకైనా తినేసి ఉంటుందా?"

గరిటె ఆగింది.

"తినదులే."

"నీకెలా తెలుసు?"

ఆమె పొయ్యి కట్టేసి, ఫోను తీసుకుని బాల్కనీలోకి నడిచింది.

గేటు దగ్గరుండే పెద్దాయనతో మాట్లాడాలని అడిగితే, ఇక ఆయన రారని చెప్పాడు పార్కు గుమాస్తా. ఎవరో పాప కవరు పోయిందని నాలుగు రోజులు కర్ర పట్టుకుని దారంతా గాలించారట. నిన్న ఆ తల్లి రాసిన ఉత్తరం చూపించారట. చదివి కళ్ళజోడు తీసేసి, పసిదాన్ని ఏడిపించిన మాట నిజమేనని, ఇక పిల్లల జోలికి రానని వెళ్ళిపోయారట. ఎంత బతిమాలినా వినలేదట. వచ్చే వారం రావలసిన స్కూళ్ళకు వద్దని చెప్పేశామన్నాడు.

మీరు రమ్మంటే రారా అని అడిగింది.

"ఆయన మా ఉద్యోగి కాదమ్మా, జీతం పుచ్చుకుని చేసే పని కాదది" అని, ఆయనెవరో చెప్పాడు.

అవతల పెట్టేశాక కూడా ఆమె ఫోను చెవి దగ్గర నుంచి తీయలేదు.

మధ్యాహ్నం అందరికీ వడ్డించింది. తను కూర్చోలేదు.

"ఏడో కవరు చిన్నీ సంచిలోనే దొరికింది. మంగళవారమే. నేనే చెత్తలో పారేశాను."

కూతురు ఏడవలేదు, అరవలేదు. తల్లి ముఖంలోకి కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"రేపు స్కూల్లో పిల్లలందరి ముందూ ఈ మాటే చెబుతాను. అక్కణ్ణుంచి ఆయన ఇంటికి వెళతాను. తలుపు తీయకపోయినా సరే, వెళతాను."

"ఇంతకీ ఎవరమ్మా ఆయన?" అంది అత్తగారు.

"పశువుల డాక్టరు, అత్తయ్యా. ముప్పై ఏళ్ళుగా ఆ అడవిలో చచ్చిన జింకల పొట్టలు కోసి, మనలాంటి వాళ్ళు పారేసిన కవర్లు ఒక్కొక్కటే బయటికి తీసింది ఆయనే."