ఎడమ పక్క గూడు

“ఇది గూడ వదులైతాంది. ఇంకోటి తియ్యి,” అన్నాడు ఆ కొత్త మనిషి.

నౌబాద్‌లో తోలు సంచులు కుట్టే నర్సప్ప మూడో కవరు కూడా పక్కన పెట్టాడు. బల్ల మీదున్నది అరచేతిలో ఇమిడే డిజిటల్ డైరీ. ఈ రోజుల్లో అలాంటిది ఎవరి దగ్గరా కనబడదు.

“కొని ఎన్నేండ్లయింది అన్నా?”

“పదేండ్లు. నాదే.”

ఎవరిదని నర్సప్ప అడగలేదు.

లోపలి నుంచి భార్య భీమవ్వ నల్లటి తోలు కవరొకటి తెచ్చింది. “గిది పెట్టి చూడుర్రి. ఆర్డర్‌ది, గానీ వాళ్లకు ఇంకోటి కుడ్తం.”

డైరీ అందులోకి ఒరలోకి కత్తిలా దిగింది.

“గిదే గావాలె!” డైరీ పెన్నును కుడిచేత్తో పట్టుకుని అతను కవరంతా తడిమాడు. “పెన్ను యాడ వెట్టాలె?”

నర్సప్ప ఆ నల్ల కవరును గుర్తుపట్టాడు. పోయిన వారం కమలనగర్ రామ్‌రావు తన డైరీ కొలతలు కాగితం మీద రాసిచ్చి, తనది ఎడమచేతి వాటమని, పెన్ను గూడు ఎడమ పక్కన కుట్టమన్నాడు.

“ఎడమ దిక్కున్నది అన్నా,” అన్నాడు మెల్లగా. మాట్లాడొద్దని భీమవ్వకు సైగ చేశాడు. ఆమె చూడలేదు.

“ఇయ్యాల్నే ఇంకోటి మొదలువెట్టు. రామ్‌రావు మామ రేపొస్తడు,” అంది.

అతను పెన్నును ఎడమ గూట్లో దోపి, కవరు బొత్తం టక్కున నొక్కాడు.

“కుట్టకుర్రి. ఆయన రాడు.”