ఏడుపు పాటకు సరుకు

"ఎవరి మీద ఏడవమంటారు?" అని అడిగింది ముసలమ్మ, చాప మీద సర్దుకుని కూర్చుంటూ.

చావింట్లో పాడే ఏడుపు పాటల్లో ఆమెను మించినవాళ్లు లేరని విని మా జానపద శాఖ ఆమెను క్లాసుకు పిలిపించింది. హెడ్డుగారు స్వయంగా మైకు ఆమె నోటి దగ్గరకు జరిపారు.

"ఊరికే పాడండమ్మా. మాకు బాణీ చాలు."

"పోయినవాళ్ల మంచి చెప్పుకోకపోతే నా గొంతు పెగలదు బాబూ."

"అయితే నేనే పోయాననుకోండి," అన్నారాయన. పరిశోధన కోసం ప్రాణమైనా ఇచ్చే మనిషి మరి. మేం నలుగురు విద్యార్థులం మహా ఉత్సాహంగా పెన్నులు తీశాం.

"సరే. ఏం మంచి చేశారు?"

"ముప్పై రెండు పరిశోధనా పత్రాలు, రెండు పుస్తకాలు."

"అవి ఏడుపులో ఒదగవు. ఎవరికైనా ఆకలికి పెట్టారా? ఆపదలో నిలబడ్డారా?"

ఆయన మా వైపు చూశారు. ఆమె కూడా చూసింది.

"మీరైనా చెప్పండి పిల్లలూ. ఒక్కటి చాలు, మిగతాది నేను లాక్కొస్తాను."

ఒక్క సంతకం కోసం ఏడాదిగా ఆయన గది బయట నిలబడి కాళ్లు వాచినవాళ్లం మేము. అందరం తలలు వంచుకుని తెల్లకాగితాలు చదువుకున్నాం. రికార్డరులో ఫ్యాను చప్పుడు మాత్రం చాలా స్పష్టంగా పడింది.

హెడ్డుగారు నుదురు తుడుచుకున్నారు. ముసలమ్మకు జాలేసినట్టుంది, లేచి వెళ్లి ఆయన భుజం తట్టింది.

"కంగారు పడకు నాయనా. ఇంకా బతికే ఉన్నావుగా."